వల కోసినవాడికి ఏమిస్తారు? అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారమండి.

భీమిలి అవతల సముద్రం ఒడ్డున మా ఊరు. నాన్న, తమ్ముడు ఫైబర్ పడవ మీద వేటకెళ్తారు. నేను విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ సెలవులకి ఊరొస్తుంటాను. సంక్రాంతికి వచ్చినప్పుడు జరిగిన సంగతొకటి ముందు చెప్పి, తర్వాత అడగాల్సింది అడుగుతాను.

భోగికి నాలుగు రోజుల ముందు, తెల్లవారుజామున తమ్ముడితో నేనూ పడవెక్కాను. వల లాగుతుంటే మధ్యలో బరువు తగిలింది. పెద్ద చేపేమో అని సంబరపడ్డాం. తీరా చూస్తే తాబేలు, ఆలివ్ రిడ్లే. ముందు రెక్కలు రెండూ వలలో మెలిపడిపోయి, మెడకి దారం బిగుసుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తోంది. చిక్కు తీద్దామంటే అది రెక్కలు బాదేస్తోంది, పడవ ఊగిపోతోంది. తమ్ముడు ఇక లాభం లేదని కత్తి తీసి నాలుగు బారల వల కోసేశాడు. అది బుడుంగున మునిగి, కాస్త దూరంలో ఒకసారి తల పైకెత్తి వెళ్లిపోయింది. వల బాగుచేయించడానికి సామానుకీ కూలికీ కలిపి ఏడు వేలు అయింది, రెండు రోజుల వేట పోయింది, అదీ పండగ ముందు. ఆ వీడియో వాట్సాప్‌లో తిరిగితే ఒకాయన వచ్చి తమ్ముడి భుజం తట్టి, పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్లాడు. అంతే.

ఇప్పుడు నా ప్రశ్న. తాబేలు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది, సంతోషం. మరి దాన్ని కాపాడిన ఖర్చు తమ్ముడి జేబులోంచి ఎందుకు పోవాలండీ?

ఇది కుదరని పనేం కాదు. గుజరాత్‌లో వేల్ షార్క్ పడితే వల కోసి వదిలేసిన వాళ్లకి అటవీ శాఖే డబ్బు ఇస్తోంది, ఒకప్పుడు ఆ చేపని వేటాడి చంపినవాళ్లే ఇప్పుడు వదిలేస్తున్నారు. మహారాష్ట్రలో 2018 నుంచి తాబేలైనా, డాల్ఫినైనా, రక్షిత జాతి ఏది వలలో పడినా కోసి వదిలి, ఫోటోనో వీడియోనో చూపిస్తే 25 వేల వరకు పరిహారం ఉంది. అందరి చేతుల్లోనూ ఫోనుంది, సాక్ష్యానికి కొదవేం లేదు. మన దగ్గర కూడా అలాగే పెట్టండి, కాకపోతే డబ్బు పదిహేను రోజుల్లో ఖాతాలో పడాలి. ఆరు నెలలకి వచ్చే పరిహారాన్ని నమ్మి ఎవడూ కత్తి తియ్యడు.

రెండోది, వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మేం సముద్రంలోకి వెళ్లం, దానికిచ్చే భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేలు చేశారు, కాదనను. అయితే అది చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధం. తాబేలు మా ఒడ్డుకొచ్చేది సంక్రాంతి చలిలో, జనవరి నుంచి మార్చి దాకా. సరిగ్గా అప్పుడే సముద్రం నిండా వలలుంటాయి. 2025 జనవరిలో కాకినాడ తీరంలో చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయని ప్రభుత్వమే విచారణ వేసింది, అదే నెలలో చెన్నై వైపూ వందల్లో తేలాయి. మా ఒడ్డున పడినవాటిని నేనూ చూశాను, కళ్లు ఉబ్బి బయటికొచ్చి, మెడ వాచి ఉంటాయి. గాలి కోసం అది నీటి పైకి రావాలి, మర పడవలు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలని రెండు మూడు గంటలు లాగుతూనే ఉంటే లోపల పడ్డది ఎక్కడికొస్తుంది? గుడ్లు పెట్టే ఒడ్డుల ముందు ఆ మూడు నెలలు వల వెయ్యొద్దంటే మా వాళ్లు ఒప్పుకుంటారు, కానీ దానికీ భృతి ఇవ్వాలి. మర పడవలు ఒడ్డుకి 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదని 1994 సముద్ర వేట చట్టం కిందే ఉందిగా, దాన్ని అమలు చేయడానికి గస్తీ పడవా, దానికి డీజిలూ కావాలి.

మర పడవల వాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదండోయ్. వాళ్లూ మా చుట్టాలే. తాబేలు బయటికి జారిపోయేలా వలలో బిగించే టెడ్ అనే పరికరం ఉంది, కేంద్ర పథకం కింద సబ్సిడీ కూడా ఉంది. అది లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యని ఆపేసింది (చెరువు రొయ్యకి ఆ గొడవ లేదు, అందుకే ఎవరికీ పెద్దగా నొప్పి తెలియలేదు). పరికరం ఉచితంగా ఇచ్చినా బిగించరు, ఎందుకంటే తాబేలుతో పాటు పెద్ద చేపా జారిపోతుందని భయం. మొదటి సీజన్ తగ్గిన వేటకి ప్రభుత్వం పూచీ పడితే, ఆ భయం పోతుందో లేదో వాళ్లే చూసుకుంటారు.

ఇంకొకటి. మా ఊరి కుర్రాళ్లిద్దరు రాత్రిళ్లు ఒడ్డున తిరిగి, ట్రాక్టర్ టైరు జాడలా ఉండే తాబేలు జాడ పట్టి, నక్కలూ కుక్కలూ తవ్వేలోపు గుడ్లు తీసి కంచెలో పాతిపెట్టారు. ఒక్కో గూటికి వంద పైనే గుడ్లు. తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్లి చాలా రోజులైనా వీళ్ల కూలి రాలేదు. పిల్లల్ని వదిలే రోజున మాత్రం టెంటు, కుర్చీలు, బ్యానరు అన్నీ వచ్చాయి.

డబ్బెక్కడిదంటారేమో. 2012 అక్టోబరులో హైదరాబాద్‌లోనే ప్రపంచ జీవవైవిధ్య సదస్సు జరిగింది, పేద దేశాలకిచ్చే నిధులు రెట్టింపు చేస్తామని అక్కడే ఒప్పుకున్నారు. ఆ రెట్టింపులో మా ఒడ్డుకి ఎంతొచ్చిందో చెప్పేవాళ్లు లేరు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ, దానికో నిధి ఉండాలి. మా పంచాయతీలో కమిటీ పేరుతో బోర్డుంది. ఆ నిధిలో కొంత వెయ్యండి, తీరంలో రేవులూ ఫ్యాక్టరీలూ పెట్టినవాళ్ల చేతా వేయించండి, వల కోసినవాడికి అక్కడి నుంచే ఇవ్వండి, లెక్క గ్రామసభలో చదవండి. సముద్రం మత్స్య శాఖది, తాబేలు అటవీ శాఖది అని మమ్మల్ని రెండు ఆఫీసుల చుట్టూ తిప్పొద్దు. తాబేలుకి ఆ తేడా తెలియదు కదా.

శ్రీకూర్మం వెళ్లి కూర్మనాథుడికి దండం పెట్టుకొచ్చే మనుషులం, దాని మీద మాకు కక్షేం ఉంటుంది? మొన్న ఫోన్లో తమ్ముణ్ణి అడిగాను, మళ్లీ తాబేలు పడితే కోస్తావా అని. "కోస్తాను గానీ అన్నయ్యా, ఈసారి పాత వల వేసుకెళ్తాను" అన్నాడు. పాత వలకి చేప సరిగ్గా పడదండి. జనవరి లోపు మీరేదో ఒకటి చెబితే కొత్తది తీస్తాడు.

ఇట్లు,
భీమిలి అవతల ఒడ్డు నుంచి ఒక వేటగాడి అన్నయ్య