గోడకు సిమెంటు వద్దు సార్

అధికారి గారికి నమస్కారం.

విశాఖ వన్‌టౌన్‌లోని మన పాత బంగళా మ్యూజియంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. సందర్శకులు పదింటికి వస్తారు. మేం మాత్రం ఏడింటికే టార్చి పట్టుకుని అల్మరాల వెనక చెద దారులు వెతుకుతుంటాం. తర్వాత కిటికీలు. సముద్రపు గాలి బరువుగా ఉంటే తెరవం. పొరపాటున తెరిచామా, మధ్యాహ్నానికి ఫొటో అద్దాల లోపల చెమ్మ పడుతుంది. ఆ రోజంతా టెన్షనే.

ఇదంతా మా తంటా, పడతాం. గోడల సంగతి మాత్రం మీరే చూడాలి.

అవి ఇటుక, డంగు సున్నంతో (గానుగలో నూరిన సున్నం) కట్టినవి. సున్నం తడిని పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు కిటికీ రెక్కలు ఎగిరిపోయాయి గానీ గోడలు చెక్కుచెదరలేదు. రెండేళ్ల కిందట కాంట్రాక్టరు వెనక గదికి సిమెంటు పూశాడు. చూడ్డానికి నున్నగా, పెళ్లివారి ఇల్లులా ఉంది. లోపలి తడికి దారి మూసుకుపోయింది. ఇప్పుడు సిమెంటు అంచు పైన ఇటుక పొడిపొడిగా రాలుతోంది. వేలికి అంటిన ఆ ఎర్రపొడి ఉప్పగా ఉంది. (అవును, నాలుకకు రాసుకుని చూశాను.)

ఇంకో మూడు గదులకు అదే పని చేయిస్తారని విన్నాను. దయచేసి ఆపించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికించండి. ఖర్చు, ఆలస్యం రెండూ ఎక్కువే, కాదనను.

ఒక సెలవు రోజు పొద్దున్నే రండి సార్. టార్చి నా దగ్గరుంది.

ఇట్లు,
మీ మ్యూజియం అటెండర్