‘వాకెడ్’ కాదు, ‘వాక్ట్’

సంపాదకుల వారికి,

నగరంలో టెన్త్ పిల్లలు కూడా ఇంగ్లిష్‌లో walked, stopped అనే మాటలను ‘వాకెడ్’, ‘స్టాపెడ్’ అనే చదువుతున్నారు. తప్పు వాళ్లది కాదు. బడిలో భూతకాల క్రియలను స్పెల్లింగుతో వల్లె వేయిస్తారే గాని చెవికి పట్టించరు.

ఈ క్రియల చివర చేరే ‘ఈడీ’ (-ed)కి మూడు పలుకులున్నాయి. క్రియ ట్, డ్ శబ్దంతో ముగిస్తే ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్. గొంతు అదరని క్, ప్, స్, ష్, చ్, ఫ్ శబ్దాలైతే ‘ట్’: వాక్ట్, స్టాప్ట్, వాష్ట్. మిగతావాటికి ‘డ్’: ప్లేడ్, కాల్డ్.

గొంతు మీద వేళ్లు ఆనించి అదురు చూడమంటే చాలు, పిల్లలే కనిపెడతారు. కాకపోతే ‘క’ అని పలికిస్తే అచ్చు వల్ల గొంతు అదిరి తికమకపడతారు. పొల్లుగానే పలికించాలి. సాగదీయగల ‘స్‌స్‌స్’తో మొదలుపెట్టడం మేలు.

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘వాక్టు’ అని ఉకారం తగిలిస్తారు. ‘వాక్ట్ ఇన్’ను కలిపి ‘వాక్టిన్’ అనిపిస్తే అది పోతుంది.

ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ కోసం 1958లో ఇక్కడే మొదలైన సంస్థ నేడు ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)గా ఉంది. విద్యాశాఖ దాని సాయంతో సర్కారు బడి టీచర్లకు ఉచ్చారణ తరగతులు పెట్టించాలి.

– ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు, తార్నాక, హైదరాబాద్