గెస్ట్ హౌస్‌లో ప్రమాణం చేసిన ఎంపీల కోసం మన ఎంపీలు నోరు విప్పాలి

సంపాదకుడు గారికి నమస్కారం,

మయన్మార్ వార్త మన పేపర్లలో వస్తే లోపలి పేజీలో అడుగున నాలుగు లైన్లు వస్తుంది. మీ మీద కంప్లయింట్ కాదండి ఇది, చదివేవాళ్లం మేమే పేజీ తిప్పేస్తాం. కానీ అక్కడ జరిగిన ఒక సంగతి ఇన్నేళ్లయినా నా మనసులోంచి పోలేదు, అందుకే ఈ ఉత్తరం.

2020 నవంబర్ 8న అక్కడ ఎన్నికలు జరిగినాయి. ఓట్లతో ఎన్నుకునే 476 సీట్లలో ఆంగ్ సాన్ సూకీ పార్టీ ఎన్‌ఎల్‌డీ 396 గెలిచింది. (పార్లమెంట్‌లో ఇంకో 25 శాతం సీట్లు ఏ ఎన్నికా లేకుండానే మిలిటరీకి పోతాయి, 2008లో వాళ్లే రాసుకున్న రాజ్యాంగం అది, అదీ చాల్లేదు వాళ్లకు.) గెలిచినోళ్లంతా 2021 ఫిబ్రవరి 1న కొత్త పార్లమెంట్ మొదలవుతుందని రాజధాని నేపిడాకి వచ్చి గవర్నమెంట్ గెస్ట్ హౌసుల్లో దిగినారు. ఆరోజు తెల్లారకముందే మిలిటరీ వచ్చి సూకీని, ప్రెసిడెంట్ విన్ మింట్‌ని పట్టుకుపోయింది, సుమారు 400 మంది ఎంపీలను గెస్ట్ హౌసుల గేటు దాటనీయకుండా తుపాకులతో కాపలా పెట్టింది. దొంగ ఓట్లు పడినాయని సాకు చెప్పినారు, అక్కడి ఎలక్షన్ కమిషన్ ఆ మాట నిజం కాదని అప్పటికే చెప్పేసింది. మూడు రోజుల తర్వాత ఆ కాంపౌండ్‌లోనే ఒక 70 మంది ఎంపీలు నిలబడి, పార్లమెంట్‌లో చెయ్యాల్సిన ప్రమాణం అక్కడే చేసినారు. హాలు లేదు, స్పీకర్ కుర్చీ లేదు, బయట సిపాయిలు.

నేను రిటైర్డ్ టీచర్ని, ఎలక్షన్ డ్యూటీలు చాలా చేసినా. 2019 ఏప్రిల్ 11న మన జిల్లాలో ఒక పల్లెలో డ్యూటీ పడింది, పొద్దున్నే మిషన్ మొరాయించింది, బాగు చేసేవాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, స్కూల్ ముందు వేపచెట్టు కింద ఒక అవ్వ కొంగు నెత్తిన కప్పుకుని అట్లనే కూర్చుంది. ఇంటికి పోయి సాయంత్రం రా అవ్వా అంటే "నేను పోతే నా ఓటు ఎవురో ఏస్తారు నాయనా, ఏసే పోతా" అనింది. ఓటు వేసినాక సిరా ఆరేదాకా ఆ వేలు దేనికీ తగలకుండా పైకి పట్టుకునే మెట్లు దిగింది. ఆ అవ్వ ఎవరికి వేసిందో నాకు తెలీదు, తెలుసుకోకూడదు కూడా. కానీ ఆమె గెలిపించిన మనిషిని సభ మొదలయ్యే పొద్దున తుపాకీ పెట్టి లోపలేస్తే, ఆమె ఎండలో కూర్చున్న ఆ గంటలన్నీ ఏమైపోయినట్టు?

మొన్న క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతూ ఇదే మాట ఎత్తితే ఒకాయన "లీడర్లకు కూడా హ్యూమన్ రైట్స్ ఏంది సార్, వాళ్లు మనల్ని తొక్కేటోళ్లు" అన్నాడు. ఆయన కోపం నాకు అర్థమైంది, చెరువులు ఎండిపోయి, వేరుశనగ పోయి, ఏ లీడరూ పట్టించుకోని ఊళ్లు మనవి. తప్పు చేసిన ఎమ్మెల్యే మీద చట్టప్రకారం కేసు పెట్టాల్సిందే, కోర్టులో నిలబెట్టాల్సిందే. కానీ మయన్మార్‌లో పెట్టిన కేసులు చూడండి. సూకీ మీద మొదట పెట్టిన కేసు వాకీటాకీలు దొంగతనంగా దిగుమతి చేసిందని. ప్రెసిడెంట్ మీద కేసు ప్రచారంలో పోతున్న బండ్లకు చెయ్యి ఊపి కరోనా రూల్స్ తప్పినాడని! దొరకని ఎంపీల ఇళ్లకు సీళ్లు వేసినారు, మనిషి దొరక్కపోతే ఇంట్లో వాళ్లను పట్టుకుపోయినారు. 2023 మార్చిలో పార్టీనే రద్దు చేసేసినారు.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఫ్యో జెయా థా సంగతి. హిప్‌హాప్ పాటలు పాడే కుర్రోడు, తర్వాత ఎన్‌ఎల్‌డీ తరఫున ఎంపీ అయినాడు. 2021 నవంబర్‌లో పట్టుకున్నారు, మిలిటరీ కోర్టులో ఉరిశిక్ష వేసినారు. 2022 జులైలో వాళ్లమ్మతో జైలు నుంచి వీడియోలో మాట్లాడనిచ్చినారు, చదువుకోడానికి కళ్లద్దాలు, పుస్తకాలు, కొంచెం డబ్బులు పంపమని అడిగినాడంట. కొన్ని రోజులకే, జులై 25న, ఆయన్ని ఇంకో ముగ్గురితో కలిపి ఉరి తీసినామని ప్రకటన వచ్చింది. శవాన్ని కూడా ఇంటికి ఇవ్వలేదు. కళ్లద్దాలు అడిగినోడికి తెల్లారితే ఉరి అని తెలిసుంటుందా అండీ?

మన దగ్గర మిలిటరీ ఎప్పుడూ రాలేదు, అది మన అదృష్టం. కానీ ఎంపీలను బస చేసిన చోటే పట్టుకుపోవడం మనకు కొత్త కాదు. ఎమర్జెన్సీ పెట్టిన మర్నాడు, 1975 జూన్ 26న, మనకు నాలుగైదు గంటల దూరంలో ఉన్న బెంగళూరులో, పార్లమెంట్ కమిటీ పనిమీద వచ్చిన వాజ్‌పేయి, అద్వానీ, మధు దండవతేలను అరెస్ట్ చేసి జైలుకి తీసుకపోయినారు. తర్వాత ప్రతిపక్ష ఎంపీలు ఎంతోమంది జైల్లో ఉండగానే పార్లమెంట్ నడిచింది, చట్టాలు పాసైనాయి. ఇంకా వెనక్కిపోతే 1952లో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారు జైల్లో ఉండే పోటీ చేస్తే మన అనంతపురం ఓటరు ఆయన్ని నీలం సంజీవరెడ్డి గారి మీద గెలిపించినాడు. జైలు గోడ ఓటుకు అడ్డం కాదని అప్పుడే చూపించిన ఊరు మనది, మనం మాట్లాడకపోతే ఎట్లా.

మన రాజ్యాంగం 105వ ఆర్టికల్ కింద సభలో మాట్లాడిన మాటకు ఎంపీ మీద కేసు పెట్టడానికి లేదు. కానీ సభకే తాళం వేస్తే ఆ రక్షణ ఎక్కడుంటుంది? అందుకే బయటి నుంచి అడిగేవాళ్లు కావాలి. జెనీవాలో ఉండే అంతర్జాతీయ పార్లమెంటరీ యూనియన్‌లో 1976 నుంచి ఎంపీల మానవ హక్కుల కోసమే ఒక కమిటీ ఉంది, కేసు కేసుగా విచారిస్తుంది, ఆ దేశాన్ని జవాబు అడుగుతుంది, మయన్మార్ ఎంపీల కేసులు కూడా దాని ముందుకు పోయినాయి. దానికి పోలీసు లేదు, సైన్యం లేదు, దాని బలమంతా సభ్య దేశాల పార్లమెంట్లు ఎంత గట్టిగా అడుగుతాయన్న దాంట్లోనే ఉంది. మన పార్లమెంట్ కూడా అందులో మెంబరే, మన తరఫున ఉండే గ్రూపుకి లోక్‌సభ స్పీకరే అధ్యక్షుడు.

ఇంకో సంగతి. మిలిటరీ అధికారం లాక్కున్న తర్వాత మయన్మార్‌లోని చిన్ రాష్ట్రం నుంచి వేలమంది జనంతో పాటు కొందరు ప్రజాప్రతినిధులు కూడా బార్డర్ దాటి మన మిజోరంలోకి వచ్చినారు, చిన్ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నాయన కూడా అట్లనే వచ్చినాడు. చొరబాట్లు ఆపండి అని 2021 మార్చిలో ఢిల్లీ చెప్తే, వీళ్లు మా రక్త సంబంధీకులు, తోసెయ్యలేం అని అప్పటి మిజోరం సీఎం జోరంథంగా ప్రధానికి లెటర్ రాసినారు. అది పెద్ద మనసు. కానీ 1951 శరణార్థుల ఒప్పందంలో మన దేశం సంతకం పెట్టలేదు, శరణార్థి అని గుర్తింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి లేదు, కాబట్టి ఓట్లేసి గెలిపించిన మనుషులు ఇక్కడ ఒక సరైన కాగితం లేకుండా బతకాల్సొస్తుంది.

అనంతపురం, హిందూపురం, కర్నూలు, నంద్యాల, కడప ఎంపీలకు మీ పేపర్ ద్వారా నా మనవి ఒకటే. మీరు ఏ పార్టీ అయినా సరే, వచ్చే సెషన్‌లో ఒక్క ప్రశ్న వెయ్యండి: మయన్మార్ నుంచి వచ్చిన ప్రజాప్రతినిధులను వెనక్కి పంపబోమని, ఉండడానికి, తిరగడానికి కాగితం ఇస్తామని కేంద్రం చెప్తుందా లేదా. అట్లే స్పీకర్ గారికి ఒక లెటర్ రాయండి, అక్కడ జైళ్లలో ఉన్న ఎంపీలకు లాయరు, మందులు, ఇంటివాళ్లను చూసే వీలు ఇవ్వమని మన పార్లమెంట్ తరఫున జెనీవాలో గట్టిగా అడగమని. ఆ లెటర్ కాపీ మీ పేపర్‌కి పంపితే మేమూ చదువుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
అనంతపురం