మార్కులు వేసింది అమ్మే కదా!

మావా,

మొన్న నువ్వు ఫోన్‌లో అడిగితే "తర్వాత చెప్తాలే" అని పెట్టేశాను. పక్కనే అమ్మాయి కూర్చుని ఉంది మరి. అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్ష స్కోరు పంపాలా వద్దా అని మా ఇంట్లో మూడు వారాలుగా ఒకటే గోల. మా అమ్మాయిలాగే మీవాడూ స్కూలుకి వెళ్లకుండా ఇంట్లోనే చదువుతున్నాడు కాబట్టి రెండేళ్లలో నీకూ ఈ తిప్పలు తప్పవు, విను.

1600కి 1430 వచ్చింది. లెక్కల్లో 760, ఇంగ్లీషులో 670. పొద్దస్తమానం పుస్తకాల్లో మునిగే పిల్లకి ఇంగ్లీషులో తగ్గడమేంటో నాకిప్పటికీ అంతుపట్టలేదు. తను మోజుపడ్డ కాలేజీలో స్కోరు ఆప్షనల్, పంపినా పంపకపోయినా మనిష్టం. అక్కడ చేరి, స్కోరు పంపినవాళ్లలో మధ్య సగం మందికి 1450 నుంచి 1530 దాకా ఉన్నాయి. "1450 కన్నా తక్కువైతే దాచెయ్యండి" అంటారు అందరూ. మా ఆవిడా అదే మాట. మన ఎంసెట్ రోజుల్లో దాచుకునే భాగ్యం ఎక్కడిది, ర్యాంకు ఊరంతా తెలిసిపోయేది!

నేను ఒప్పుకోలేదు. ఆ 1450 కాస్త ఉబ్బిన అంకె. ఆప్షనల్ అన్నాక తక్కువ వచ్చినవాళ్లు పంపరు కదా, లెక్క దానంతటదే పైకి జరుగుతుంది. 2024లో డార్ట్‌మౌత్ కాలేజీ వాళ్లు టెస్టు మళ్లీ తప్పనిసరి చేసినప్పుడు చెప్పిందీ ఇలాంటిదే. పంపితే మేలు జరిగే పిల్లలు కొందరు, ముఖ్యంగా అంతగా కలిసిరాని ఇళ్లవాళ్లు, స్కోరు దాచుకున్నారట.

అసలు సంగతి అది కూడా కాదు. స్కూలు పిల్లల గురించి చెప్పడానికి టీచర్లుంటారు. మన పిల్లలకి ఎవరున్నారు? చాలా కాలేజీలకి కలిపి నింపే దరఖాస్తు కామన్ యాప్‌లో స్కూలు తరఫున పిల్ల గురించి రాసే కౌన్సిలర్ అన్నచోట మా ఆవిడ పేరే. ట్రాన్‌స్క్రిప్టు తయారుచేసింది తనే, ఆ మార్కుల పట్టీలో అన్నీ 'ఏ' గ్రేడ్లు వేసింది తనే, "ఈ అమ్మాయి బంగారం" అని ఉత్తరం రాయాల్సిందీ తనే! ఆవిడ దగ్గర పప్పులుడకవని నీకు తెలుసు, నాకు తెలుసు. కాలేజీవాళ్లకెలా తెలుస్తుంది? బయటివాళ్లు వేసిన మార్కు ఒకటి ఉండాలి కదా, అందుకే శాట్ పంపుదామన్నాను.

ఆవిడ ఊరుకుంటుందా. "కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ కింద ఇప్పుడే కాలేజీ కోర్సులు చేసింది కదా, కాల్‌క్యులస్‌లో ఏ, కాంపోజిషన్‌లో ఏ. అవీ నేనే వేశానా?" అంది. నా నోరు పడిపోయింది. నిజమే, ఒక సెమిస్టరంతా వ్యాసాలు దిద్ది బయటి ప్రొఫెసర్ వేసిన గ్రేడు ముందు, 2 గంటల 14 నిమిషాల పరీక్ష ఏపాటి? ఆ గ్రేడ్లే లేకపోయి ఉంటే మాత్రం నేను ఇంకా గట్టిగా పట్టుబట్టేవాణ్ణి.

ఇక్కడ ఆస్టిన్‌లో ఉన్న టెక్సస్ యూనివర్సిటీతో గొడవే లేదు, 2025 ఫాల్ అడ్మిషన్ల నుంచి స్కోరు ఉండాల్సిందే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లేమో పంపినా అడ్మిషన్‌కి చూడవు. మిగిలినవాటికి ఒక్కో కాలేజీ పేజీలో హోమ్‌స్కూల్ వాళ్ల గురించి విడిగా ఏం రాశారో చదవాలి. పైన ఆప్షనల్ అని పెద్దక్షరాలతో పెట్టి, కింద మనవాళ్లని మాత్రం స్కోరు అడిగేవీ ఉన్నాయి.

మోజుపడ్డదానికి పంపేద్దామని నిన్న రాత్రి తేల్చాం. 1430కీ 1450కీ మధ్య ఏముందిరా, రెండు మూడు ప్రశ్నలు. అమ్మాయైతే "మీ ఇద్దరి గొడవకన్నా పరీక్షే తేలిక" అని లేచిపోయింది.

మీవాణ్ణి వచ్చే సెమిస్టర్‌కే అక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఒక కోర్సులో చేర్పించు, ఆలస్యం చెయ్యకు. మా ఆవిడ కౌన్సిలర్ ఉత్తరం నాలుగు వాక్యాలు రాసి నాలుగూ కొట్టేసింది. చెల్లెమ్మని ఒకసారి ఫోన్ చెయ్యమను.

నీ పాత రూమ్మేట్