ద్రాక్ష పెంపకందారుల సంఘం: ఈ ఏటి కార్యదర్శి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, అందుకని నేరుగా పనిలోకి వస్తాను.

ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవాల్సింది ఉమ్మడిగా అంటు మొక్కలు తెప్పించుకోవడం. ఇన్నేళ్లూ ఎవరి పెరట్లోంచో కొమ్మ ముక్కలు తెచ్చి గుచ్చుకున్నాం. నాలుగు కణుపుల ముక్క సులువుగానే వేరు పోసుకుంటుంది, కాదనను, కానీ దాంతోపాటే ఆకులు ముడుచుకుపోయేలా చేసే లీఫ్‌రోల్ వైరస్ కూడా వచ్చేస్తుంది. తీగకి ఒకసారి పట్టాక దానికి మందు లేదు, పైగా పిండినల్లి దాన్ని పక్క తీగలకి అంటిస్తుంది. సొంత వేళ్ల మీద పెరిగే వినిఫెరా (మామూలుగా పండించే యూరప్ ద్రాక్ష జాతి) రకాలకి వేళ్లని పాడుచేసే ఫైలోక్సెరా పురుగు భయం ఎలాగూ ఉంది. 1860ల నుంచి యూరప్ తోటలు ఆ పురుగు వల్లే నాశనమై, చివరికి అమెరికా జాతుల వేళ్ల మీద అంటు కట్టాకే మళ్లీ నిలబడ్డాయి. అందుకే వైరస్ పరీక్ష జరిగిన తల్లి తీగల నుంచి తీసినవని కాగితం చూపించిన నర్సరీకే ఆర్డర్ ఇచ్చాం.

రూట్‌స్టాక్, అంటే అంటుకి కింద వేళ్లిచ్చే మొక్క, ఏ రకం తీసుకోవాలన్న దగ్గర చాలా వాదన జరిగింది. నీటి ఎద్దడి ఉన్నవాళ్లు 110ఆర్ అనే రకం తీసుకున్నారు, ఉప్పు నేలలవాళ్లు డాగ్‌రిడ్జ్ అనే రకం అడిగారు. డాగ్‌రిడ్జ్ బాగా ఏపుగా పెరుగుతుంది, సారమున్న చిన్న పెరట్లో వేస్తే ఆకు తప్ప కాయ కనిపించదని నేను అప్పుడే చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను. మట్టి పరీక్ష ఫలితాలు చేతిలో ఉంటే ఈ వాదనే ఉండేది కాదు. నమూనాలు ఇచ్చి మూడు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగాం, తీరా అవి ఆర్డర్ గడువు దాటాక వచ్చాయి.

మొక్కలు దిగిన రోజు మాత్రం మర్చిపోలేను. తడి రంపపు పొట్టులో చుట్టిన కట్టలు విప్పి, ఒక్కో అంటునీ చేతిలోకి తీసుకుని అతుకు దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాం. సరిగ్గా అతికింది కదలదు, అతకనిది అక్కడే నోరు తెరుస్తుంది. ఒక కట్టలో తొమ్మిది మొక్కలకి అతుకు కింద శనగగింజంత గడ్డలు కనిపించాయి. క్రౌన్ గాల్ (బాక్టీరియా వల్ల గడ్డలు కట్టే తెగులు) అనుమానంతో ఆ కట్ట మొత్తం వెనక్కి పంపాం, నర్సరీవాళ్లు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. భూతద్దం తెచ్చి ఆ గడ్డలు పట్టుకున్న మన సభ్యురాలికి సంఘం రుణపడి ఉంటుంది.

ఆ రోజుకి పద్నాలుగు మంది పేర్లు ఇచ్చారు, వచ్చింది ఐదుగురు. వేళ్లు ఆరితే మొక్క దక్కదు కదా, ఆ ఐదుగురే రాత్రి తొమ్మిది దాకా బకెట్లలో నానబెట్టి పంచారు. రాలేకపోతే ముందురోజు ఒక్క ఫోన్ చేయండి, అంతకంటే ఏమీ అడగను.

షెడ్డు ఇచ్చిన కుటుంబానికి, రెండు ట్రిప్పులు వ్యాన్ తోలిన సభ్యుడికి, లేబుళ్లు రాసిన పిల్లలకి, కత్తిరింపులు నేర్పిన పెద్దాయనకి పేరుపేరునా ధన్యవాదాలు. లెక్కలు ఆడిటర్ చూశారు, కోశాధికారి దగ్గర ఉన్నాయి, కావాల్సినవాళ్లు చూసుకోవచ్చు.

తోటలు చూడటానికి వెళ్లినప్పుడు మూడు చోట్ల అతుకు మట్టిలో కప్పేసి ఉంది. అలా వదిలేస్తే పై కొమ్మే సొంత వేళ్లు వేస్తుంది, అంటు కొన్న ప్రయోజనం పోతుంది. అతుకు నేలకి నాలుగు చేతివేళ్ల ఎత్తున ఉండాలి, ఈ వారమే మట్టి తీసేయండి.

మళ్లీ ఆర్డర్‌కి రకం, రూట్‌స్టాక్, మొక్కల సంఖ్య రాసి ఈ సమావేశంలోనే ఇవ్వండి. నర్సరీవాళ్లు మన ఆర్డర్ చూసుకునే అంట్లు కడతారు, ఆలస్యమైతే మిగిలినవే దొరుకుతాయి.