సంక్రాంతికి వస్తారని రాసిచ్చాను

ఏమే, ఎట్లున్నావ్?

నీ వాయిస్ మెసేజ్‌లు మూడూ విన్నాను. ఫోన్లో మాట్లాడితే పక్క గదిలో అమ్మకు వినపడుతుంది, అందుకే రాస్తున్నా.

మొన్న గురువారం పిల్లల కస్టడీ కేసు వాయిదాకు పోయొచ్చాను. ఆస్ట్రేలియాలో, మీ మెల్‌బోర్న్‌లోనే నర్సు ఉద్యోగం వచ్చింది నాకు, పిల్లలు ఉండేది నా దగ్గర, ఇంక అడగడం ఎందుకు అనుకునేదాన్ని. కేసు నడుస్తుండగా కోర్టుకు చెప్పకుండా పిల్లలను దేశం దాటిస్తే కస్టడీకే ఎసరని లాయరమ్మ గట్టిగా చెప్పింది. పైగా పిల్లల వీసాకు ఫారం 1229 మీద, అంటే ఒప్పుకుంటున్నానని ఇచ్చే కాగితం మీద, వాళ్ళ నాన్న సంతకం కావాలి, లేదంటే కోర్టు ఆర్డరు. ఆయన సంతకం పెట్టేవాడే అయితే ఈ తిప్పలెందుకు!

ఆయన తాగొచ్చిన రాత్రులన్నీ తేదీలతో సహా నోట్‌బుక్‌లో రాసుకుని పోయానే. జడ్జి సార్ ఒక్క పేజీ కూడా అడగలేదు. "నీకు నైట్ డ్యూటీ పడితే చిన్నోడి దగ్గర ఎవరుంటారమ్మా?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. 1956 హిందూ మైనర్ల సంరక్షణ చట్టం 13వ సెక్షన్ ప్రకారం పిల్లల మేలే అన్నిటికన్నా ముందట. మన గోడు ఆ తర్వాతే.

లాయరమ్మ 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన విక్రమ్ వీర్ వోహ్రా తీర్పు చూపించింది. అందులో తల్లిని కొడుకుతో ఆస్ట్రేలియాకే పోనిచ్చారు. జడ్జీలు ఆ పిల్లాడితో విడిగా మాట్లాడారట. మా పెద్దదాన్ని కూడా చాంబర్లోకి పిలిచారు. పావుగంట నా గుండె గుండెలో లేదు. లోపల ఏం చెప్పావే అంటే చెప్పదు. "సార్ చాక్లెట్ ఇచ్చిండు, తమ్ముడికి సగం దాచిన" అంది, అంతే.

ఆయన లాయరు పట్టుకున్నది ఒకటే మాట. దేశం దాటించి ఉంచేసుకున్న పిల్లలను వెనక్కి పంపించే 1980 హేగ్ ఒప్పందంలో మన దేశం లేదు, పిల్లలను అక్కడే ఉంచేసుకుంటే ఈ తండ్రి ఎవరిని అడగాలి, అని. ఒళ్ళు మండింది. కానీ ఆ భయం ఉత్తదైతే కాదు కదా.

అత్తమ్మ కూడా వచ్చింది. బయట వేపచెట్టు కింద కూర్చుని సకినాలు చిన్నచిన్న ముక్కలు విరిచి చిన్నోడి నోట్లో పెడుతోంది. నా దిక్కు చూడలేదు. పోయేటప్పుడు మాత్రం డబ్బా నా బ్యాగు పక్కన పెట్టి పోయింది.

తండ్రిని ఎట్లా కలిపిస్తావో కాగితం మీద పెట్టమన్నారు సార్. ఆ రాత్రే కూర్చుని రాశాను. ప్రతి ఆదివారం మనకు మధ్యాహ్నం ఒంటిగంటకు వీడియో కాల్. మెల్‌బోర్న్‌లో అప్పుడు సాయంత్రం ఐదున్నర, అక్కడి ఎండాకాలానికి గడియారాలు గంట ముందుకు జరిపాక ఆరున్నర, అంతేనా? డిసెంబరు చివర్నుంచి జనవరి చివరిదాకా మీ స్కూళ్ళకు సెలవులే కాబట్టి ఏటా సంక్రాంతికి పిల్లలు నల్లగొండలో వాళ్ళ నాన్న దగ్గర. టికెట్లు నావే. అంత ఎందుకు ఒప్పుకుంటావమ్మా అని లాయరమ్మ గులిగింది. ఆ డబ్బా చూడలేదు మరి ఆమె.

ఇంక నీ పని. అక్కడ గవర్నమెంటు స్కూల్లో సీటు ఇంటి అడ్రసును బట్టే అన్నావు కదా, మీ వీధి స్కూలు వాళ్ళతో ఆ సంగతి ఒక లెటర్ రాయించు. పగటి షిఫ్టు ఇమ్మని హాస్పిటల్‌కు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. అదొక టెన్షన్. వాయిదా 18న, సోమవారం. శనివారం లోపే పంపవే తల్లీ, ఆదివారం మా జిరాక్స్ షాపాయన తెరవడు.