బోర్డు జోలికి వెళ్లే ముందు స్విచ్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

గిటార్ ఎఫెక్ట్ పెడల్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే డబ్బా) ఇంట్లో కట్టుకునే వాళ్లు, అది పలకకపోతే ముందుగా అనుమానించేది సర్క్యూట్ బోర్డునే. బాగున్న ఐసీ చిప్‌ను పీకి కొత్తది వేస్తారు, ఆ వేడికి బోర్డు మీది రాగి లేచిపోతుంది. తప్పు చాలాసార్లు కాలితో నొక్కే స్విచ్ దగ్గరే ఉంటుంది. ఒక మల్టీమీటర్ ఉంటే దాన్ని పట్టుకోవచ్చు. ఈ విషయం కొత్తవాళ్లకు చేరాలని రాస్తున్నాను.

పెడల్‌కు వాడే 3పీడీటీ (ఒకే నొక్కులో మూడు దారులు మార్చే) స్విచ్‌కు తొమ్మిది కాళ్లు. పై వరుస 1, 2, 3. నడిమి వరుస 4, 5, 6. కింది వరుస 7, 8, 9. నడిమివి కామన్ కాళ్లు. ఒకసారి నొక్కితే అవి పై వరుసతో, మళ్లీ నొక్కితే కింది వరుసతో కలుస్తాయి. స్విచ్ చతురస్రంగా ఉంటుంది కాబట్టి పక్కకు తిప్పి పట్టుకున్నా తేడా సులువుగా కనిపించదు. అందుకే తీగ అతికించక ముందే మీటర్‌ను బజర్‌లో (రెండు చోట్లు కలిసి ఉంటే బీప్ ఇచ్చే సెట్టింగ్‌లో) పెట్టండి. 4కు ఒక నొక్కులో 1తో, మరో నొక్కులో 7తో బీప్ రావాలి. నిలువునా కాకుండా 4, 5 మధ్య అడ్డంగా బీప్ వస్తే స్విచ్‌ను 90 డిగ్రీలు తిప్పుకోవాలి.

ఇక తీగలు. ఇన్‌పుట్ జాక్ టిప్ (శబ్దం మోసే కాలు) 4కు, అవుట్‌పుట్ జాక్ టిప్ 6కు. బోర్డు ఇన్‌పుట్ 1కి, బోర్డు అవుట్‌పుట్ 3కు. 7ను 9తో కలపాలి, బైపాస్ దారి (శబ్దం బోర్డు గుండా కాకుండా నేరుగా పోయేది) అదే. 5ను గ్రౌండ్‌కు, ఎల్ఈడీ పొట్టి కాలును 2కు ఇవ్వాలి. ఎల్ఈడీ పొడుగు కాలు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా 9 వోల్టులకు పోతుంది. చివరగా 8ని 1తో కలపండి. బైపాస్‌లో బోర్డు ఇన్‌పుట్ గ్రౌండ్ అవుతుంది, గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) ఎక్కువున్న ఫజ్, డిస్టార్షన్ పెడళ్లలో ఎఫెక్ట్ శబ్దం సన్నగా కారడం తగ్గుతుంది.

లక్షణాన్ని బట్టి తప్పును వెతకాలి. ఎఫెక్ట్ పలుకుతూ బైపాస్‌లో మాత్రం శబ్దం లేకపోతే 7ను 9తో కలిపే తీగను చూడండి. బైపాస్‌లో ఎల్ఈడీ వెలిగి, ఎఫెక్ట్‌లో అదీ ఆరి శబ్దమూ పోతుంటే 2, 8 తీగలు తారుమారయ్యాయి. ఎల్ఈడీ సరిగ్గానే వెలుగుతున్నా ఎఫెక్ట్ రాకపోతే, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ఆంప్లిఫయర్‌కు వెళ్లే తీగ కొసన సిరీస్‌లో పెట్టి 1, 3, 6 కాళ్లను వరుసగా తాకండి. 3 దగ్గర వినిపించి 6 దగ్గర వినిపించకపోతే స్విచ్ లోపలి కాంటాక్ట్ పోయినట్టే. 1 దగ్గర వినిపించి 3 దగ్గర లేకపోతే అప్పుడు బోర్డును అనుమానించండి.

స్విచ్ పాడయ్యేది ఎక్కువగా టంకం వేసేటప్పుడే. కాలును, తీగను ముందే విడివిడిగా టంకంతో తడపాలి. 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఉంచకూడదు. ఒక కాలయ్యాక చల్లారనిచ్చి దూరంగా ఉన్న మరో కాలికి పోవాలి. ప్లాస్టిక్ మెత్తబడితే కాలు కొద్దిగా వాలుతుంది, లోపల ఊగే రాగి రేకు దానికి సరిగా ఆనదు. పైకి మెరుస్తూ కనిపించే ఆ కాలే ఒక నొక్కులో పలికి, మరో నొక్కులో మూగబోతుంది. అల్లిక తీగలో విడిపోయిన ఒక్క పోగు పక్క కాలిని తాకినా ఇలాంటి తంటాలే. ఒకసారి భూతద్దంతో చూడండి.

బయట బాగా పలికి డబ్బాలో బిగించగానే ఆగిపోతే, చాలాసార్లు జాక్ టిప్ నాలుక డబ్బా గోడకు తగులుతుంటుంది. కేబుల్ గుచ్చితే ఆ నాలుక ఇంకాస్త వెనక్కి జరుగుతుంది కాబట్టి, కేబుల్ పెట్టి ఉంచే చూడాలి. ప్లాస్టిక్ డబ్బా అయితే రెండు జాక్‌ల స్లీవ్‌లను (గ్రౌండ్ కాళ్లను) తీగతో కలపాలి, ఇనుప డబ్బాలా అది గ్రౌండ్ కలపదు.

నొక్కినప్పుడు టప్పుమంటే 1, 3 కాళ్ల నుంచి గ్రౌండ్‌కు చెరో 1 మెగా ఓమ్ రెసిస్టర్ వేయండి. అయినా తగ్గకపోతే ఎఫెక్ట్ ఆన్‌లో ఉంచి 4, 6 దగ్గర డీసీ కొలవండి. దాదాపు సున్నా కాకపోతే అటువైపు కెపాసిటర్ లీకవుతోంది, మార్చాలి.

కిట్లు అమ్మేవారికి ఒక విన్నపం. తొమ్మిది కాళ్ల బొమ్మను వెనక వైపు నుంచి గీసి, కాళ్ల చదును ఏ దిక్కున ఉండాలో, ఏవి కామన్‌వో తెలుగులో అచ్చువేసి ప్రతి ప్యాకెట్‌లో పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్